‘పైనుంచే స్లో వస్తాంది’: ఎంత పైనుంచి?

భారత టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) అధ్యక్షుల వారికి, న్యూఢిల్లీ.

అయ్యా,

హిందూపురంలో రాత్రి ఎనిమిదిన్నరకు టీవీలో బొమ్మ ఆగి చక్రం తిరగడం మొదలైతే ఇంటివాళ్ళు కేబులాయనకు ఫోన్ చేస్తారు. అటునుంచి వచ్చే మొదటి మాట ఏ ఇంటికైనా ఒకటే: “డబ్బా ఆఫ్ చేసి ఆన్ చేయన్నా.” అదీ అయిందంటే రెండో మాట: “మాది కాదన్నా, పైనుంచే స్లో వస్తాంది.” మూడో మాట ఉండదు. పెనుకొండైనా ధర్మవరమైనా, బిల్లు మీద ఏ కంపెనీ పేరున్నా, సంభాషణ ఇక్కడే ఆగిపోతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది. రీఛార్జ్ గడువు మాత్రం ఠంచనుగా వచ్చేస్తుంది.

ఈ లేఖ ఆ రెండో మాట గురించి. ‘పైన’ అంటే ఎక్కడ? మిద్దె మీదా, వీధి చివర కరెంటు స్తంభం మీదా, ఆపరేటరు గదిలోనా, బెంగళూరులోనా? ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతే ఆఖరి మెట్టు మీ కార్యాలయం గుమ్మం దగ్గర తేలుతోంది. అందుకే ఈ ఉత్తరం మీ పేరిట.

ముందు ఊళ్ళ సంగతి. మూడూ గుంతకల్లు–బెంగళూరు రైలు మార్గం మీద ఉన్నాయి. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు తలదాచుకుని రాజధాని చేసుకున్న కొండ పెనుకొండ. ఇప్పుడదే మండలంలో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది, 2019 ఆగస్టులో సెల్టోస్ కారు అక్కడినుంచే బయటికొచ్చింది. హిందూపురం చింతపండు, బెల్లం బేరాల ఊరు. బెంగళూరు వంద కిలోమీటర్లే కావడంతో కరోనా కాలం నుంచి అక్కడి కంపెనీల పని ఇక్కడి పడకగదుల్లో జరుగుతోంది. ధర్మవరం గురించి చెప్పనక్కర్లేదు, పట్టుచీర మీద పేరు రాసుకున్న ఊరు.

ఆ ధర్మవరంలో ఒక చీరల దుకాణం వెనక గది ఎలా ఉంటుందో చూడండి. తెల్లటి దుప్పటి పరిచి, దాని మీద చీర విప్పి, ఫోను స్టాండుకు తగిలించి, అటువైపు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న కొనేవాళ్ళకు కొంగు దగ్గరికి తెచ్చి చూపిస్తారు. జరీ ఎంత దట్టంగా ఉందో, అంచులో రంగు ఎక్కడ మారిందో కనబడాలి. బేరమంతా ఆ కాస్తలోనే. ఇక్కడ కావలసింది డౌన్‌లోడ్ వేగం కాదు, అప్‌లోడ్. ఇక్కడి బొమ్మ అక్కడికి పోవాలి. మంచి నాణ్యతతో ఒక వీడియో కాల్ పోవడానికి మూడు నాలుగు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు. అది తూలినప్పుడు బొమ్మ ముక్కలు ముక్కలవుతుంది, సాదా చీర కాస్తా గళ్ళ చీరయిపోతుంది. “రేపు మాట్లాడదాంలే” అని కొనే ఆవిడ ఫోన్ పెట్టేస్తుంది. కరపత్రంలో ‘100 ఎంబీపీఎస్ వరకు’ అని పెద్దక్షరాల్లో వేసిన కంపెనీ అప్‌లోడ్ సంగతి చాలాసార్లు వేయనే వేయదు.

ఇక మెట్లెక్కుదాం. మొదటి మెట్టు ఇల్లే. ఇది దాచిపెట్టి కంపెనీలను తిట్టడం న్యాయం కాదు, చాలాసార్లు తప్పు ఇంట్లోనే దొరుకుతుంది. వంద ఎంబీపీఎస్ కొన్నవాడు సినిమా డౌన్‌లోడ్ పెట్టి, అంకె పన్నెండు దగ్గర ఆగడం చూసి మోసమంటాడు. ప్లాను లెక్క మెగాబిట్లలో, డౌన్‌లోడ్ లెక్క మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు కనక వందకు పన్నెండున్నరే పూర్తి వేగం. మోసం లేదు. ఎంతమంది కస్టమర్ కేర్ వాళ్ళకు ఈ ఒక్క ముక్క తెలుగులో చెప్పే ఓపిక ఉందో అది వేరే సంగతి.

తర్వాత వైఫై డబ్బా ఎక్కడ పెట్టారన్నది. దుమ్ము పడుతుందని గుడ్డ కప్పి, అందంగా ఉండదని టీవీ బల్ల లోపల దాచి, పక్కనే ఇనప బీరువా నిలబెట్టిన ఇళ్ళు ఏ వీధిలోనైనా కనిపిస్తాయి. సీమలో పాత మిద్దెల గోడలు రాతివి, మందం. వైఫై మామూలుగా రెండు రకాల తరంగాల మీద నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడ దాటుతుంది గానీ పరుగు తక్కువ. పైగా ఒకదానితో ఒకటి కలవని చానళ్ళు దానిలో మూడే, 1, 6, 11. ఇరుకు వీధిలో ఇరవై ఇళ్ళ డబ్బాలు ఆ మూడింటి కోసమే తోసుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ జోరుగా పోతుంది గానీ రాతిగోడ ముందు చతికిలబడుతుంది. వంటింట్లో నెట్ రాలేదంటే కంపెనీని అనేముందు మధ్యలో ఎన్ని గోడలున్నాయో లెక్కపెట్టుకోవాలి.

ఇంకొకటి తరచుగా కళ్ళు కప్పేది. రెండు వందల ఎంబీపీఎస్ ప్లానుకు మారినా స్పీడ్ టెస్టులో తొంభై నాలుగు దగ్గరే ముల్లు ఆగిపోతుంది. రోజు మార్చినా, వేళ మార్చినా అదే తొంభై నాలుగు. ఇంత నిలకడగా ఒకే అంకె వస్తోందంటే అది రద్దీ అయ్యే అవకాశం తక్కువ. డబ్బా వెనక ఉన్న పోర్టు వంద ఎంబీపీఎస్‌ది కావచ్చు, లేదా దానికి తగిలించిన నీలం తీగలో ఒక జత తెగి ఉండవచ్చు. ఆ నీలం తీగ కొస కత్తిరించి చూస్తే లోపల జతలు జతలుగా పెనవేసిన ఎనిమిది సన్న తీగలుంటాయి. వెయ్యి ఎంబీపీఎస్ పోవాలంటే నాలుగు జతలూ బతికి ఉండాలి; తలుపు సందులో నలిగి ఒకటి పోతే డబ్బా చప్పుడు చేయకుండా వందకు దిగిపోతుంది. కొత్త తీగ ఖర్చు ఒక పూట హోటలు టిఫిన్ ఖర్చుకు అటూ ఇటూ. ఆ మాట చెప్పేవాడు లేక జనం పెద్ద ప్లానుకు, ఇంకా పెద్ద ప్లానుకు మారుతూ పోతారు.

అడాప్టరు సంగతి కూడా ఇక్కడే. వోల్టేజీ ఎగుడుదిగుళ్ళకు నీరసించిన అడాప్టరు డబ్బాకు చాలినంత కరెంటు ఇవ్వలేకపోతే డబ్బా రోజుకు నాలుగుసార్లు తనంతట తానే ఆగి మళ్ళీ లేస్తుంది. ఇంట్లో వాళ్ళకది ‘నెట్ పోయి వచ్చింది’.

కాబట్టి ఫిర్యాదుకు ముందు ఒక పరీక్ష చేసి చూడాలి. ల్యాప్‌టాప్‌ను నేరుగా తీగతో డబ్బాకు తగిలించి, మిగతా ఫోన్లూ టీవీ ఆపి, పొద్దున ఏడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వేగం కొలిచి కాగితం మీద రాసుకోవాలి. మూడు నాలుగు రోజులు. తీగతో బాగా వచ్చి వైఫైలో రాకపోతే జబ్బు ఇంట్లోది. ఎప్పుడు చూసినా తక్కువే ఉండి, డబ్బా మీద ఎర్ర దీపం అప్పుడప్పుడు వెలుగుతుంటే లైనుది. పొద్దున తొంభై, రాత్రి పది అని పడిందంటే అది నిజంగానే ‘పైనుంచి’. కేబులాయన అబద్ధం చెప్పలేదు. కానీ ఆ కాగితాన్ని ప్రమాణంగా తీసుకునేవాళ్ళు ఈ దేశంలో ఎవరూ లేరు, అధ్యక్షా. గొడవంతా అక్కడుంది.

రెండో మెట్టు స్తంభం.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ. దేశమంతా దానివైపు చూడడానికి ధర ఒక కారణమైతే, తీగ వేసిన పద్ధతి మరొకటి. భూమి తవ్వి పాతితే ఏళ్ళు పడుతుంది, కోట్లు పోతాయి. కరెంటు స్తంభాలు ఊరూరా ఎలాగూ ఉన్నాయి, వాటి మీదే ఫైబరు లాగారు. ప్రైవేటు కేబులు వాళ్ళూ ఊళ్ళలో అంతకు ముందునుంచే చేస్తున్న పని అది. తెలివైన పనే. కాకపోతే స్తంభం మీద తీగ గాలికీ, కొమ్మకూ, ఎత్తుగా గడ్డి నింపుకొచ్చే ట్రాక్టరుకూ లోకువ. వేరే రాష్ట్రాల సంగతి చూస్తే, 2015లో వారణాసిలో గంగ ఒడ్డున వేసిన ఫైబరును కోతులు కొరికి పారేశాయని వార్తలొచ్చాయి. భూమిలో పాతినదానికైనా ప్రొక్లెయినర్ల బెడద తప్పదు. తవ్వేముందు కింద ఏముందో అడగమని కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తీసుకొచ్చింది.

ఫైబరు లోపల వెలుగు పోయే దారి తొమ్మిది మైక్రాన్లు, వెంట్రుకలో పదో వంతు. కిటికీ మూల తిప్పి మేకు కొట్టినా, తలుపు దానిమీద పడుతున్నా వెలుగు పక్కకు కారిపోతుంది. ఇంటికి చేరిన వెలుగు ఎంతో డీబీఎం అనే లెక్కలో చెబుతారు. మైనస్ 20 దగ్గరుంటే బాగున్నట్టు. మైనస్ 27 దాటితే డబ్బా దాన్ని సరిగా పట్టుకోలేక లైను తెగుతూ అతుకుతూ ఉంటుంది. మూడు డీబీ తగ్గిందంటే వెలుగు సగమైపోయినట్టే. ఈ అంకె చూడడానికి నిచ్చెన అక్కర్లేదు. చాలా డబ్బాల్లో ఫోను బ్రౌజరులో 192.168.1.1 అని కొడితే వచ్చే పేజీలోనే ఉంటుంది. కొందరు ఆపరేటర్లు పాస్‌వర్డు వేసి దాన్ని ఇంటివాళ్ళకు కనబడనివ్వరు. ఆకుపచ్చ మూతి తీగను నీలం మూతి సాకెట్లో కుక్కినా ఇదే నష్టం: రెండింటి కొసలు వేర్వేరు కోణాల్లో అరగదీసి ఉంటాయి, వెలుగు సరిగా దాటదు. అవసరానికి చేతికి దొరికిన తీగ తగిలించి వెళ్ళిపోయే కుర్రాడికి ఇది ఎవరైనా నేర్పారా? ఎండలో స్తంభమెక్కే ఆ కుర్రాడి జీతమెంతో కూడా అడిగితే బాగుంటుంది.

మూడో మెట్టు ఆపరేటరు గది. ఏసీ తిరిగే చిన్న గది, ఒక రాక్, మినుకుమినుకుమనే దీపాలు. ఇక్కడినుంచి బయల్దేరిన ఒక్క ఫైబరు వీధుల్లో స్ప్లిట్టర్ల దగ్గర చీలి ముప్పై రెండు ఇళ్ళకో, అరవై నాలుగు ఇళ్ళకో పోతుంది. ఇలా పంచే జీపాన్ పద్ధతిలో అందరికీ కలిపి కిందికి 2,488, పైకి 1,244 ఎంబీపీఎస్. అరవై నాలుగు ఇళ్ళకు తలా వంద అమ్మినా 6,400. అందరూ ఒకే క్షణంలో లాగరు కనక ఇది ఇరుకేమీ కాదు. ఇరుకు సాధారణంగా ఈ గది వెనక ద్వారంలో ఉంటుంది. ఈ ఊరి వందల ఇళ్ళ కోసం ఆపరేటరు పెద్ద కంపెనీ దగ్గర ఎంత బ్యాండ్‌విడ్త్ కొన్నాడు? పదేళ్ళ కింద సరిపోయింది ఇప్పుడు సరిపోదు. సాయంత్రం ఏడు నుంచి పదిన్నర దాకా ఊరంతా టీవీల ముందు చేరుతుంది, క్రికెట్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

పంచుకోవడం తప్పు కాదు. ఎంతమందితో అన్నది చెప్పకపోవడం తప్పు. 2009లో మీ సంస్థే ఇళ్ళకు ఒకరి వాటా యాభై మంది పంచుకోవచ్చు, వ్యాపారాలకైతే ముప్పై మంది అని మార్గదర్శకం ఇచ్చింది. వందను యాభైతో భాగిస్తే రెండు. అంటే వంద ఎంబీపీఎస్ కొన్న ఇంటికి అధమ పక్షం మిగిలేది రెండు.

సరిగ్గా ఆ రెండే ఇప్పుడు దేశంలో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం కావడం కాకతాళీయమే అనుకోవాలి. 2004లో బ్రాడ్‌బ్యాండ్ అంటే 256 కేబీపీఎస్. 2013లో 512. 2021లో మీ సిఫారసు, 2023 జనవరిలో టెలికాం శాఖ నోటిఫికేషన్: 2 ఎంబీపీఎస్. ఒక ఫుల్ హెచ్‌డీ సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 5. ఇంకో తమాషా ఉంది. నెలవారీ డేటా అయిపోయాక వేగాన్ని 512 కేబీపీఎస్ కంటే తగ్గించకూడదని 2016లో మీ సంస్థ ఆదేశించింది. ఆనాటికి అది వినియోగదారుల పక్షాన వేసిన అడుగే. 2023 నిర్వచనం పక్కన పెట్టి చూస్తే, ఆ 512 అసలు బ్రాడ్‌బ్యాండే కాదు.

ఇలా నడుస్తూ నాలుగో మెట్టుకు, అంటే మీ దగ్గరికి, వచ్చేశాం.

నిబంధనలు లేవని ఎవరూ అనడం లేదు. 2006 నాటి బ్రాడ్‌బ్యాండ్ నాణ్యత నిబంధనల్లోనే కంపెనీ నోడ్ నుంచి ఇంటిదాకా కొన్న వేగంలో 80 శాతానికి పైగా రావాలనీ, రద్దీ వేళలో కంపెనీ లింకులు 80 శాతం దాటి నిండకూడదనీ రాశారు. మూడు పని దినాలు దాటి మరమ్మతు చేయకపోతే అద్దెలో కొంత వెనక్కివ్వాలన్నారు. 2024 ఆగస్టులో పాతవన్నీ కలిపి కొత్త నిబంధనలు తెచ్చారు, అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కాగితం మీద లోటు లేదు. హిందూపురం ముక్కడిపేటలో ఒక ఇంటికి రాత్రి తొమ్మిదికి ఎంత వచ్చిందో తెలిసేది ఎలాగ అన్నదే ప్రశ్న.

తెలియదు. ఎందుకంటే కంపెనీలు మీకు పంపే లెక్క సర్కిల్ వారీ లెక్క. రాష్ట్రం 2014 జూన్ 2న రెండయింది. అనంతపురం జిల్లా 2022 ఏప్రిల్ 4న రెండై, ఈ మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. మీ పటంలో మాత్రం ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఇంకా ఒకటే, తెలంగాణతో సహా. గచ్చిబౌలి అపార్టుమెంటులో వచ్చే వేగం, పెనుకొండ కోట కింద వీధిలో వచ్చే వేగం ఒకే కుండలో వేసి కలిపి సగటు తీస్తారు. ఒక కాలు నిప్పుల్లో, ఒక కాలు మంచులో పెట్టినవాడికి సగటున సుఖంగానే ఉంటుందన్న లెక్క ఇది. మొబైల్ నెట్‌వర్కులను కారులో తిరిగి కొలిచే డ్రైవ్ టెస్టులు మీరు చేయిస్తున్నారు, ఫలితాలు బయట పెడుతున్నారు. సంతోషం. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కారులో తిరిగితే దొరకదు, ఇంట్లోకి రావాలి. 2024 చివరికి దేశంలో 94 కోట్లు దాటిన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో తీగ మీద వచ్చేవి దాదాపు నాలుగు కోట్లే కనక వీటికి అంత పట్టింపు లేదేమో తెలియదు గానీ, ఒక్కో తీగ వెనక ఒక ఇల్లంతా ఉంటుంది.

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉంది. వీరభద్రాలయం మంటపంలో నేలకు పూర్తిగా ఆనని స్తంభం ఒకటుంది. దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళెవరూ గైడు మాట నమ్మి ఊరుకోరు. భుజం మీద తువ్వాలో, చున్నీయో తీసి స్తంభం కింద ఒకవైపు నుంచి దూర్చి రెండోవైపు లాగుతారు. చిన్నపిల్లలైతే కాగితం ముక్క దూరుస్తారు. అయిదు వందల ఏళ్ళ నాటి స్తంభం దగ్గర ఎవరికి వాళ్ళు పరీక్ష చేసుకునే వీలుంది. నెలనెలా డబ్బు కట్టే ‘100 ఎంబీపీఎస్ వరకు’ దగ్గర లేదు.

వేరే దేశాలు ఈ తువ్వాలును ఎలా తయారు చేసుకున్నాయో మీకు తెలియనిది కాదు. బ్రిటన్‌లో 2019 మార్చి 1 నుంచి, ఆఫ్‌కామ్ నియమావళికి ఒప్పుకున్న కంపెనీలు కనెక్షన్ అమ్మేటప్పుడే ఆ ఇంటికి ఖాయంగా వచ్చే కనీస వేగం చెప్పాలి. అది కూడా రాత్రి 8 నుంచి 10 దాకా రద్దీ వేళను దృష్టిలో పెట్టుకుని. అంతకంటే తగ్గి, 30 రోజుల్లో బాగు చేయకపోతే జరిమానా లేకుండా కస్టమరు వెళ్ళిపోవచ్చు. జర్మనీలో 2021 డిసెంబరు నుంచి ఇంకో అడుగు ముందుకేశారు. నియంత్రణ సంస్థ తయారు చేసిన ప్రోగ్రాంతో, తీగ తగిలించి, వేర్వేరు రోజుల్లో పలుమార్లు కొలవాలి. తగ్గిన మేరకు బిల్లు తగ్గించమని అడగొచ్చు. ఏడింటికి ఒకసారి, తొమ్మిదింటికి ఒకసారి రాసుకున్న మన కాగితానికి అక్కడ చట్టం విలువ ఇచ్చిందన్న మాట. అమెరికాలో 2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు బిస్కెట్ ప్యాకెట్ వెనక పోషకాల పట్టీలాగా ధర, మామూలుగా వచ్చే వేగం, ఆలస్యం, డేటా పరిమితి అన్నీ ఒక చీటీలో చూపాలి.

ఈ లేఖ అడిగేది అంతకంటే పెద్దదేమీ కాదు. ‘వరకు’ అన్న మాట పక్కన ‘కనీసం’ అన్న అంకె ఉండాలి, అది రాత్రి తొమ్మిది గంటల అంకె కావాలి, అప్‌లోడ్‌కు కూడా ఉండాలి, తెలుగులో ఉండాలి. మీ సంస్థకు 2016 నుంచి ‘మైస్పీడ్’ యాప్ ఉంది. తీగ తగిలించి కొలిచే పరీక్ష ఒకటి దానికి తోడుగా వస్తే, ఆ ఫలితాన్ని ఫిర్యాదులో సాక్ష్యంగా కంపెనీ ఒప్పుకోవలసిందేనని మీరు ఒక ఆదేశం ఇస్తే, కేబులాయనకూ మేలే. పైవాడి తప్పుకు తిట్లు తినేది ఇప్పుడు ఆయనే. ఇంటి డబ్బాలో వెలుగు అంకె కస్టమరుకు కనబడాలి. సర్కిల్ సగటు బదులు జిల్లా లెక్క రావాలి. జిల్లా ఎలాగూ చిన్నదైంది.

మీ ఆదేశం వచ్చేదాకా జనం చేతులు కట్టుకుని కూర్చోలేరు కదా, ఎవరి దారి వారు వెతుక్కుంటున్నారు. మూడు ఊళ్ళలోనూ ఒక వీధిలో దొరికేది పక్క వీధిలో దొరకదు. అందుకే తెలిసినవాళ్ళు కరపత్రం చూడరు, అదే స్తంభం నుంచి తీగ వచ్చే పక్కింటికి రాత్రి తొమ్మిదింటికి పోయి చూస్తారు. బీఎస్ఎన్ఎల్ ఫైబరు చాలాచోట్ల స్థానిక భాగస్వాముల చేతుల మీదుగా నడుస్తుంది కనక కంపెనీ పేరుకన్నా ఆ భాగస్వామి పనితనం ముఖ్యం. రైలు పట్టాల వెంట దేశమంతా ఫైబరు వేసిన రైల్‌టెల్‌కు రైల్‌వైర్ పేరుతో ఇళ్ళకిచ్చే సేవ ఉంది. ఊళ్ళో ఆపరేటరు ఉన్నాడో లేదో కనుక్కోవాలి. ఆరు నెలలది ఒకేసారి కడితే చౌక అంటారు, మొదటి నెల మాత్రం నెలదే కట్టాలి. కట్టేముందు అడగాల్సినవి: అప్‌లోడ్ ఎంత, డేటా పరిమితి ఎంత, డబ్బా పోర్టు వెయ్యిదా వందదా, మానుకుంటే డిపాజిట్ వెనక్కొస్తుందా.

తీగ రాని ఇంటికి ఇప్పుడు గాలి దారి ఉంది. 2023లో ఎయిర్‌టెల్, జియో రెండూ ఎయిర్‌ఫైబర్ మొదలుపెట్టాయి. మిద్దె మీద 5జీ టవరు వైపు తిప్పి ఒక పెట్టె బిగిస్తారు, అక్కడినుంచి తీగ ఇంట్లోకి. స్తంభాల మీద తీగ తెగే బాధ ఉండదు. కానీ టవరుకు, మిద్దెకు మధ్య అడ్డం ఉండకూడదు. పెనుకొండలో అడ్డంగా ఒక కొండే ఉంది, కొండకు ఏ వైపు ఇల్లన్నది లెక్క. అదే టవరును వీధిలో ఫోన్లన్నీ పంచుకుంటాయి కనక రాత్రి రద్దీ ఇక్కడా ఉంటుంది. చాలా ప్లాన్లలో ఫైబరుకు నెలకు 3,300 జీబీ పరిమితి ఉంటే దీనికి 1,000. బిగించేవాణ్ణి పెట్టె ఒకే దిక్కుకు పెట్టి పోనివ్వకుండా, నాలుగు దిక్కులూ తిప్పి వేగం చూపించమనాలి. ఇక ఆకాశం దారి. దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలకు 2025లో మన దేశంలో అనుమతులు వచ్చాయి. ఊరికి దూరంగా తోటలో ఇల్లున్నవాళ్ళకు పనికొస్తుందేమో గానీ, పక్క స్తంభం మీద ఫైబరు వేలాడుతున్న ఇల్లు ఆకాశం వైపు చూడాల్సి రావడం మాత్రం విడ్డూరమే.

ఒక్క కంపెనీ తప్ప దిక్కులేని వీధుల్లో వాళ్ళకు మిగిలేది ఫిర్యాదు. 2012 నాటి మీ నిబంధనల ప్రకారం కస్టమర్ కేర్‌కు చేసిన ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు ఇవ్వాలి; పని కాకపోతే 30 రోజుల్లోగా కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయొచ్చు, వాళ్ళు 39 రోజుల్లో తేల్చాలి. ఆచరణలో ఈ ఊళ్ళలో ఫిర్యాదు పోయేది కేబులాయన వాట్సాప్‌కు, దానికి నంబరు ఉండదు. నంబరు లేని ఫిర్యాదు మీ లెక్కల్లో ఫిర్యాదే కాదు. మూడు ఊళ్ళ నుంచి మీకు చేరిన ఫిర్యాదుల సంఖ్య చిన్నదిగా కనబడితే కారణం అదేనని గమనించగలరు. టెలికాం కంపెనీల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చిచెప్పింది. అయిదు లక్షల రూపాయల లోపు విలువకు ఫీజు కూడా లేదు, 1915కు ఫోన్ చేసి సలహా అడగొచ్చు. నెలకు అయిదారు వందల బిల్లు కోసం అనంతపురం దాకా ఎవరు తిరుగుతారన్నది కంపెనీలకూ తెలుసు.

వచ్చే క్రికెట్ సీజను లోగా ట్రాయ్ అధికారి ఎవరైనా ఒకరు ధర్మవరంలో దిగి, తర్వాతి రైలులో పెనుకొండ, ఆ తర్వాత హిందూపురం చూసి వెళ్ళగలిగితే మంచిది. పగలు రావద్దు. రాత్రి ఎనిమిదిన్నరకు ఏదో ఒక ఇంట్లో డబ్బా పక్కన కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు. ల్యాప్‌టాపూ, తీగా మీరే తెచ్చుకోవాలి; ఎనిమిది తీగలూ తెగనిది.

ఇట్లు,
మూడు ఊళ్ళ పక్షాన,
ఒక బ్రాడ్‌బ్యాండ్ వినియోగదారు.

తా.క.: వచ్చేముందు కేబులాయనకు చెప్పొద్దు. ఆ ఒక్క రాత్రికి పైనుంచి స్లో రాకుండా చూసుకుంటారు.